లంక దగ్గర డాలర్లెన్ని

మార్చి 12, 2022, శనివారం

ఎనిమిది మంది ఆడవాళ్లు మా హాల్లో చాప పరుచుకుని కూర్చుని నన్ను అడిగిన ప్రశ్న ఇది: "మేడం, లంకల పైసలున్నయా, లేవా?"

పదమూడేళ్లుగా గద్వాలలో ఇంటర్ పిల్లలకు ఎకనామిక్స్ చెబుతున్నాను. ఒక్కరూ ఇంత సూటిగా అడిగిన పాపాన పోలేదు.

ఇదంతా మా అత్తమ్మ చలవ. పద్దెనిమిది శక్తిపీఠాలూ చూస్తానని జములమ్మగారి మొక్కు. అలంపురం జోగులాంబ మన ఊరి దేవత కాబట్టి, మిగతా అక్కచెల్లెళ్ల క్షేమం కనుక్కొచ్చి ఆమెకు చెప్పడం తన బాధ్యత అనుకుంటుంది. ఒక్కో పీఠం చూసి రాగానే అలంపురం వెళ్లి, గుడిలో ఒక మూల కూర్చుని, "ఫలానా అక్కను జూసొచ్చిన, మంచిగుంది" అని చెప్పి వస్తుంది. పదహారు అయ్యాయి. కాశ్మీరుది సరిహద్దు అవతల ఉంది, ఎవరికీ పోవడానికి లేదు. మిగిలింది లంకలోని శాంకరీదేవి. హైదరాబాద్‌లో యాత్రలు నడిపే దినేష్, ఉగాది నాటికి ట్రింకోమలీ గుడిలో ఉండేలా పది రోజుల టూరు పెట్టాడు. ఈ ఆడవాళ్లంతా అందులో పోవాలని చూస్తున్నవాళ్లే. టీవీలో మాత్రం అక్కడ గ్యాస్ కోసం క్యూలు, కరెంటు కోతలు చూపిస్తున్నారు.

అత్తమ్మకు షుగరు. రెండు పూటలా ఇన్సులిన్ పడాల్సిందే. అందుకని మా ఆయన శ్రవణ్ వద్దంటున్నాడు. ఆమె కొడుకు మాట పక్కన పెట్టి నా వైపు తిరిగింది.

"నువ్వు సదువుకున్నదానివి. నువ్వు పొమ్మంటె పోత, వద్దంటె మానుకుంట."

అంకెలు చూసి చెబుతానన్నాను. అందరూ టీ తాగి వెళ్లారు. కప్పులు నేనే కడిగాను.

మార్చి 14

లీజర్ పీరియడ్‌లో స్టాఫ్ రూంలో కూర్చుని లెక్క చూశాను. సరదాగానే ఉంది.

లంక దగ్గర విదేశీ మారక నిల్వలు 2019 చివర ఏడున్నర బిలియన్ డాలర్ల పైన. మరుసటి ఏడు చివర ఐదున్నర పైన. పోయిన నెలాఖరుకి రెండు పాయింట్ మూడు. మన దగ్గర ఆరు వందల బిలియన్ల పైచిలుకు. ఈ రెండూ పక్కపక్కన పెడితే ఎవరైనా హడలిపోతారు. కానీ పోల్చాల్సింది ఇప్పటి మనతో కాదు, 1991లో మనతో. అప్పుడు మన నిల్వ బిలియన్ డాలర్ల పైన కొంచెం. మూడు వారాల దిగుమతులకు సరిపోతే గొప్ప. దేశం మొత్తం మీద తలకు డాలరున్నర కూడా రాదు. లంకలో ఇప్పుడు తలకు వంద డాలర్ల పైనే పడుతుంది. నెల రోజులకు మించి దిగుమతులకు సరిపోతుంది.

మరి 1991లో మనలో ఎవరైనా మందుల్లేక చచ్చారా? మా నాన్న ఆ ఏడే స్కూటర్ కొన్నాడు.

మార్చి 15

గ్రాఫు గీశాను. 1991 నుంచి మొదలుపెడితే చూడ్డానికి బాగుంది.

మార్చి 16

ఈ రోజు మళ్లీ ఫ్రిజ్ దగ్గర గొడవ. ఇన్సులిన్ డబ్బా పక్కన ఉల్లిపాయ కూర పెట్టానట. మందుకు వాసన పడుతుందట. సీసా మూత మూసే ఉంటుంది కదా అత్తమ్మా అంటే, "నీకు అన్నీ తెల్సు, నాకే తెల్వదు" అని సాయంత్రం దాకా మాట్లాడలేదు. మాట్లాడకపోతే టీవీ శబ్దం పెంచుతుంది. జవాబు పత్రాలు దిద్దుకోవడానికి మేడ మీదికి పోయాను. అక్కడికీ సీరియల్ ఏడుపులు వినిపించాయి.

పెళ్లయి పదిహేడేళ్లు. ఈ ఇంట్లో నేను ఒక్కదాన్నే ఉన్న రోజు ఒక్కటీ గుర్తు లేదు. పది రోజులంటే ఎంతసేపు?

మార్చి 19, శనివారం

వనపర్తిలో సెమినార్. నా వ్యాసం 'రెండు దేశాల విదేశీ మారక నిల్వలు: 1991 భారతం, 2022 లంక.' చప్పట్లు బాగానే కొట్టారు. చివర్లో ఒక రిటైర్డ్ లెక్చరర్ లేచి ఏదో అడిగాడు. టైం అయిపోయింది. భోజనాల్లో వంకాయ కూర బాగుంది.

మార్చి 20

చెప్పేశాను. గ్రాఫు చూపించి, మనకు 1991లో ఎంత ఉండేదో, వాళ్లకు ఇప్పుడు ఎంత ఉందో వివరించాను. సాయమ్మ గ్రాఫును తలకిందులుగా పట్టుకుని కూడా తల ఊపింది. ఆమె అత్తమ్మకు చిన్ననాటి స్నేహితురాలు. అత్తమ్మ దూకమంటే దూకుతుంది.

"అంటె పోవచ్చునా?" అని అడిగింది అత్తమ్మ.

"నెల రోజులకు సరిపడా డబ్బుంది అత్తమ్మా. మీరు ఉండేది పది రోజులు."

నేను వెళ్లమనలేదు. అంకెలు చెప్పానంతే.

మార్చి 26

సూట్‌కేసు సర్దాను. అత్తమ్మకు పొద్దున ముప్పై యూనిట్లు, సాయంత్రం ఇరవై. ఒక సీసా ఎనిమిది రోజులు వస్తుంది. పది రోజులకు రెండు చాలు. నేను మూడు పెట్టాను. ఇరవై నాలుగు రోజుల నిల్వ. సిరంజిలు కూడా దండిగా పెట్టాను. ఇంకేం కావాలి?

పొద్దున అలంపురం వెళ్లి జోగులాంబకు చెప్పి వచ్చింది. నాకూ బొట్టు పెట్టింది. "నీ పుణ్యాన పోతున్న బిడ్డా" అంది. ఎప్పుడూ ఉమా అనే పిలుస్తుంది. బిడ్డా అనడం ఇదే మొదటిసారేమో.

మార్చి 27, ఆదివారం

వెళ్లారు. శ్రవణ్ విమానాశ్రయం దాకా దిగబెట్టి అటు నుంచి అటే కోడేరు పోయాడు. అక్కడ వాళ్ల పత్తి విత్తనాల కంపెనీ రైతుల మీటింగు ఉంది.

ఇల్లంతా నాదే. టీవీ ప్లగ్ పీకేశాను. గిన్నె కూడా తీయకుండా కుక్కర్లోంచే పెట్టుకుని తిన్నాను.

మార్చి 30

అత్తమ్మ ఫోన్. క్యాండీలో ఉన్నారు. రోజుకు పది గంటలు కరెంటు కోతేనట. "ఏం గాదు, మన సిన్నప్పుడు ఉండేనా ఏంది కరెంటు" అని నవ్వింది. హోటలువాళ్లు కొవ్వొత్తి పెట్టి అన్నం పెట్టారట. పెళ్లిలా ఉందట.

నాకు బాగా నిద్ర పడుతోంది.

ఏప్రిల్ 1

టీవీ ప్లగ్ పెట్టాను. కొలంబోలో జనం రోడ్ల మీద. బస్సు తగలబడుతోంది. రాత్రికి ఎమర్జెన్సీ అన్నారు.

నేను వెళ్లమనలేదు.

ఏప్రిల్ 2, ఉగాది

పచ్చడి చేశాను. ఇద్దరమే తిన్నాం. శ్రవణ్ నాతో మాట్లాడటం తగ్గించాడు.

పదకొండు గంటలకు ఫోన్. అరుస్తోంది అత్తమ్మ, అటు నుంచి ఇటు మాట వినబడదేమోనని. "జూసిన ఉమా! సముద్రం ఒడ్డున కొండ మీదున్నది. పట్టుచీర గట్టిచ్చిండ్రు. మన గద్వాల చీరంత బాగలేదు గాని మంచిగనె ఉంది." ఏడుస్తోంది కూడా. ఆమె ఏడవడం నేను మామయ్య పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే విన్నాను.

అన్నీ సవ్యంగా జరిగాయి. నా లెక్క తప్పలేదు. సాయంత్రం నుంచి లంక అంతా కర్ఫ్యూ అన్నారు.

ఏప్రిల్ 3

ఫోన్ కలవలేదు.

ఏప్రిల్ 4

దినేష్ ఎత్తాడు. అందరూ ట్రింకోమలీలో లాడ్జిలోనే ఉన్నారట, భద్రం అట. రేపు విమానం. బస్సుకు డీజిల్ దొరకాలి, గైడు తిరుగుతున్నాడు అన్నాడు. డీజిల్ దొరకడమేమిటి? బంకులో పోస్తారు కదా అన్నాను. "మేడం, మీరు టీవీ జూస్తలేరా?" అన్నాడు.

ఏప్రిల్ 5

విమానం వెళ్లిపోయింది. వాళ్లు లేకుండా.

ఏప్రిల్ 6



పొద్దున సాయమ్మ ఫోన్ చేసింది. "జములమ్మ నిన్నటి సంది కక్కుతనె ఉంది. మనిషి సోయిల లేదు. సూది మందు అయిపోయింది."

అయిపోవడమేమిటి? ఇరవై నాలుగు రోజులకు పెట్టాను. నా చేత్తో పెట్టాను. ఒకటి, రెండు, మూడు. మూడింటికీ బట్ట చుట్టి పెట్టాను. వెళ్లి పది రోజులు. పగిలాయా అంటే, తెల్వదంది. పోయాయా అంటే, తెల్వదంది. మరి మందుల షాపులో కొనండి అని అరిచాను. "ఏడ గొనాలె ఉమా? ఐదు దుకాండ్లు తిరిగినం. లేదంటుండ్రు. సర్కారు దవాఖానల గూడ లేదంటుండ్రు. ఈ దేశంల మందులు రావంట. పైసల్లేవంట."

పైసల్లేవంట.

శ్రవణ్ ఫోన్ నా చేతిలోంచి లాక్కున్నాడు. మాట్లాడాక నా వైపు చూసి అన్నది ఒక్కటే: "నువ్వు పోవచ్చన్నవని పోయింది."

ఏప్రిల్ 7

గైడు ఎక్కడో ఇరవై లీటర్ల డీజిల్ పట్టాడు. బస్సుకు చాలదు. వ్యాన్‌లో అత్తమ్మను, సాయమ్మను ఎక్కించుకుని కొలంబో బయలుదేరాడు. షుగరు ఎంతుందో చూడటానికి కూడా పట్టీలు లేవట.

కాలేజీకి సెలవు పెట్టాను. ఏం చేయాలో తోచక ఫ్రిజ్ తుడిచాను. ఇంకో నాలుగు సీసాలు ఉన్నాయి అందులో. గద్వాలలో ఏ సందులో అడిగినా దొరుకుతాయి. చల్లగా, నిండుగా, ఎవరికీ పనికిరాకుండా ఉన్నాయి.

ఏప్రిల్ 8

కొలంబోలో ఒక ప్రైవేటు దవాఖానలో చేర్చారు. షుగరు ఐదు వందల నలభై. కిడ్నీ సంగతి ఇప్పుడే చెప్పలేమన్నారు.

ఏప్రిల్ 10

తీసుకొచ్చారు. చెన్నై నుంచి అంబులెన్స్‌లో నేరుగా కర్నూలు. స్ట్రెచర్ మీద చూసి నేను గుర్తుపట్టలేదు. పద్నాలుగు రోజుల్లో మనిషి ఇంత చిన్నదైపోతుందా? చెయ్యి పట్టుకుంటే ఎవరిదో చెయ్యిలా ఉంది. నర్సు "మీరేమవుతారు" అంటే సాయమ్మే చెప్పింది, కోడలని.

ఏప్రిల్ 12

ఐసీయూ బయట కుర్చీలో కూర్చుని ఫోన్‌లో చదివాను. విదేశీ అప్పులు ఇక కట్టలేమని లంక ప్రకటించింది. ఇది మా అత్తమ్మ గుడి చూసిన పది రోజులకు. నేను నెల రోజులకు సరిపోతుందని చెప్పిన ఇరవై మూడు రోజులకు.

శ్రవణ్ వచ్చి టీ ఇచ్చాడు. ఏదైనా అంటే బాగుండు.

ఏప్రిల్ 14

కళ్లు తెరిచింది. మొదట అడిగింది: "అలంపురం పోయొచ్చిండ్రా ఎవరన్న?"

ఏప్రిల్ 15

కిడ్నీలు కోలుకుంటున్నాయని డాక్టర్ చెప్పారు. వరండాలో నిలబడి ఏడ్చాను. ఎవరో ముసలాయన నేను ఎవరినో పోగొట్టుకున్నాననుకుని ఓదార్చాడు.

ఏప్రిల్ 19

ఇంటికి తెచ్చాం. మంచం హాల్లో వేశాం, టీవీ కనబడేలా. నేనే ప్లగ్ పెట్టాను. "జర సప్పుడు తగ్గియ్యి, నీకు తలనొప్పి లేస్తది" అంది ఆమె.

ఆ మాటకు తట్టుకోలేక, అడగకూడదనుకున్నది అడిగేశాను. "అత్తమ్మా, మూడు సీసాలు పెట్టాను. రెండు ఏమయ్యాయి?"

"ఇచ్చిన."

"ఎవరికి?"

లాడ్జిలో వంట చేసే సెల్వరాణి అనే అరవామెకు ఇచ్చిందట. ఆమె కూతురు డిగ్రీ చదువుతోంది, పంతొమ్మిదేళ్లు. చిన్నప్పటి నుంచీ ఇన్సులిన్ మీదే బతుకుతున్న పిల్ల. ఉగాది రోజు పొద్దున, సెల్వరాణి అత్తమ్మ సూది వేసుకోవడం చూసి గుమ్మంలోనే కూలబడిందట.

"ఆ పిల్లకు రెండు దినాల మందే ఉండె. నాకు ఒక దినంది ఉన్నది, మూడు దినాలల్ల ఇంటికొస్తుంటి, అంతదాంక ఓర్సుకుంట అనుకున్న. ఇంటికొస్తె ఫ్రిజ్ నిండ నువ్వు పెట్టినవి ఉన్నయి గద. రెండు సీసాలు, సూదులు ఆమె చేతుల పెట్టిన. డీజిల్ దొరకదని నాకేం తెల్సు?"

తిట్టాలో దండం పెట్టాలో తెలియలేదు. ఫ్రిజ్‌లో కూర పక్కన పెడితే ఒప్పుకోని మందు. ఆ మనిషే ఇచ్చింది.

నేను ఇంకేదో అంటున్నాను, మంచి పని చేశారనో ఏదో. ఆమె వినిపించుకోలేదు. "ఇంకోటి గూడ జేసిన. మంచిదే జేసిన" అని మొదలుపెట్టింది.

సెల్వరాణి చెల్లెలు కుటుంబం మన్నారు నుంచి పడవలో రామేశ్వరం పోతోందట. మందుల్లేక, తిండి లేక అటువైపు నుంచి జనం అలాగే వస్తున్నారు. పిల్లను కూడా వాళ్లతో పంపడానికి సెల్వరాణి ఒక మనిషి చోటు మాట్లాడుకుంది. ఇండియాలో కనీసం ఇన్సులిన్ దొరుకుతుందని.

"నేనే వద్దన్న. సముద్రంల ఆడపిల్లను పడవ ఎక్కిస్తవా, పాగల్ గిట్ల అయినవా అన్న. మా కోడలు సర్కారు కాలేజీల ఇదే సదువు చెప్తది, మీ దేశం లెక్కంత జూసింది, నెల రోజులకు సరిపడ పైసలున్నయన్నది, అంతల మందులు వస్తయి అని చెప్పిన. గైడు అరవంల చెప్పిండు. ఆమె నా చేతులు కండ్లకద్దుకున్నది. పడవల చోటు ఇంకెవరికో ఇచ్చిండ్రు."

నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. నీళ్లు పోతూనే ఉన్నాయి.

రెండు సీసాలు. ఆ పిల్ల రోజుకు నలభై యూనిట్లు వేసుకుంటే ఇరవై రోజులు. తన దగ్గరున్న రెండు రోజుల మందుతో కలిపి ఏప్రిల్ ఇరవై నాలుగు. ఈ రోజు పంతొమ్మిది.

ఏప్రిల్ 20

ఇది నా ఒక్కదాని పుస్తకం. ఇందులో కూడా అబద్ధమే రాశాను. ఇన్ని రోజుల తర్వాత వెనక్కి తిప్పి చదివితే నాకే దిమ్మ తిరిగింది.

మార్చి 14న నేను అంకెలు తీసుకున్న పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఆ రెండు పాయింట్ మూడులో చైనా నుంచి తెచ్చుకున్న యువాన్లు ఒకటిన్నర బిలియన్ డాలర్ల విలువవి. యువాన్లు చూపించుకోవడానికే గాని, వాటితో బయటి దేశాల నుంచి మందులు కొనడం కుదిరే పని కాదని నాకు అప్పుడే అనిపించింది. పెన్సిల్‌తో పక్కన తీసివేత వేశాను. మిగిలింది సున్నా పాయింట్ ఎనిమిది. పన్నెండు రోజుల దిగుమతులు. రబ్బరుతో చెరిపేశాను. వనపర్తిలో ఆ రిటైర్డ్ లెక్చరర్ అడిగింది కూడా అదే: "మేడం, మీ అంకెలో యువాన్లు ఎన్ని?" టైం అయిపోలేదు. ఇంకా పది నిమిషాలు ఉంది. నేనే కాగితాలు సర్దుకున్నాను.

పది రోజులు ఇల్లు ఖాళీగా కావాలి నాకు. అందుకని పన్నెండు రోజులను నెల చేశాను.

మధ్యాహ్నం ఆమె మంచం దగ్గర కింద కూర్చుని ఇదంతా చెప్పాను. ఆమెకు అర్థమయ్యే మాటల్లో చెప్పాను. ఎక్కువ ఉందని చెప్పిన డబ్బులో చాలా భాగం వాడుకోవడానికి లేనిదని, ఆ సంగతి నాకు ఆ రోజే తెలుసని, మీరు వెళ్తే బాగుండని అనిపించి చెప్పలేదని.

తిడుతుందని ఎదురుచూశాను.

"నా మీద కోపం ఉంటె ఉండనీ. నువ్వు కోడలివి, నేను అత్తను. నాకు మాత్రం లేకుండెనా, పది దినాలు నీ మొఖం సూడొద్దని?" అంది. తర్వాత గొంతు మారింది. "గని ఆ పిల్లకేం జెప్తవు?"

ఏప్రిల్ 21

ఆరు సీసాలు, ఐసు పెట్టెలో. కర్నూలు నుంచి రాత్రి బస్సులో చెన్నై. శ్రవణ్ తానే తీసుకుపోతానన్నాడు. దినేష్‌కు తెలిసిన ఒకతను రేపు సాయంత్రం చెన్నైలో కొలంబో విమానం ఎక్కుతున్నాడు. అతను ఒప్పుకున్నాడు. డాక్టర్ చీటీ రాసిచ్చారు. నాకు పాస్‌పోర్టు లేదు. ఉంటే నేనే పోయేదాన్ని అని రాయాలనిపిస్తోంది. నిజమో కాదో తెలియదు కాబట్టి రాయను.

ఏప్రిల్ 22

పొద్దున గైడు సెల్వరాణిని ఫోన్‌లోకి తెచ్చాడు. అతను తిరుపతిలో చదువుకున్నాడు, తెలుగు తడబడుతూ మాట్లాడతాడు. అత్తమ్మ ముందు తను మాట్లాడుతుందనుకున్నాను. ఫోన్ నా చేతిలో పెట్టింది.

"నువ్వే జెప్పు."

పిల్ల ఎలా ఉందని అడిగాను. సగం సగం వేసుకుంటోందట, మందు ఎక్కువ రోజులు వస్తుందని. కాలేజీకి పోవడం మానేసిందట, నడిస్తే కళ్లు తిరుగుతున్నాయట.

సగం వేసుకోవద్దని చెప్పాను. మందు వస్తోందని చెప్పాను.

నెల కిందట అయితే అక్కడితో ఆపేసేదాన్ని. ఈసారి మిగతాది కూడా చెప్పాను. ఆరు సీసాలే. పెట్టె ఇంకా చెన్నైలోనే ఉంది. తెచ్చే మనిషి సాయంత్రం విమానం ఎక్కాలి. ఎక్కాడని నేను ఫోన్ చేశాకే నమ్మండి. కొలంబో నుంచి మీ ఊరికి వ్యాన్‌కు డీజిల్ దొరకాలి. అన్నీ జరిగితే రెండు నెలలు గడుస్తాయి. ఆ తర్వాతి సంగతి నాకు తెలియదు. పడవ మంచిదో చెడ్డదో నేను చెప్పలేను. కానీ మీ దేశం దగ్గర మందులకు డబ్బుందని మా అత్తమ్మతో నేను చెప్పింది అబద్ధం. తెలిసే చెప్పాను.

గైడు ఆగిపోయాడు. "మేడం, చివరిది కూడా చెప్పాలా?" అన్నాడు.

చెప్పమన్నాను.

అరవంలో చెప్పాడు. లైన్ కట్టయిందనుకుని చూశాను, సెకన్లు నడుస్తూనే ఉన్నాయి. తర్వాత ఆమె చాలా నెమ్మదిగా ఏదో అంది. అరిచి ఉంటే ఇంత కష్టంగా ఉండేది కాదు. గైడు తెలుగు చేశాడు.

"ఈ మాట ఆ రోజే చెప్పి ఉంటే, నా బిడ్డ ఇప్పుడు మీ దేశంలో ఉండేది, అంటోంది మేడం."

అవునన్నాను.